అమెరికా సంప్రదాయవాదుల ఇంటిపోరు

2024 డిసెంబరు చివరి వారంలో హెచ్-1బి వీసా మీద అమెరికాలో పెద్ద రగడ జరిగింది. అది రిపబ్లికన్లకూ డెమొక్రాట్లకూ మధ్య జరిగింది కాదు. రెండు వైపులా నిలబడినవాళ్లు నవంబరులో ట్రంప్‌ను గెలిపించినవాళ్లే, తమను సంప్రదాయవాదులమని చెప్పుకునేవాళ్లే. చెన్నైలో పుట్టిన శ్రీరామ్ కృష్ణన్‌ను కృత్రిమ మేధ విధానాల మీద సలహాదారుగా ట్రంప్ ఎంచుకోవడంతో గొడవ మొదలైంది. గ్రీన్‌కార్డులకు దేశాలవారీగా ఉన్న పరిమితిని తీసేయాలని కృష్ణన్ అంతకుముందు అన్న మాటను లారా లూమర్ అనే వ్యాఖ్యాత బయటికి తీసి, ట్రంప్ నినాదానికి ఇది విరుద్ధమని ధ్వజమెత్తారు. పారిశ్రామికవేత్త ఇలాన్ మస్క్, భారత మూలాలున్న రిపబ్లికన్ నేత వివేక్ రామస్వామి వీసాను సమర్థిస్తూ రంగంలోకి దిగారు. ఒకప్పుడు ట్రంప్‌కు ముఖ్య వ్యూహకర్తగా ఉన్న స్టీవ్ బానన్ ఆ వీసా విధానమంతా మోసమని తన పాడ్‌కాస్ట్‌లో తేల్చేశారు.

పిల్లలు అక్కడ చదువుల్లోనో ఉద్యోగాల్లోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులు ఈ మాటలన్నీ రెండేసి నిమిషాల క్లిప్పులుగా విన్నారు. ఒకరు రమ్మంటున్నారు, ఒకరు పొమ్మంటున్నారు, ఇద్దరూ ఒకే నాయకుడి మనుషులు. మరి ఆ పక్షం అసలు మాట ఏది?

ఆ పక్షానికి ఒకే మాట ఎన్నడూ లేదు. అమెరికా సంప్రదాయవాద వ్యాఖ్యానం మొదటినుంచీ మూడు నాలుగు పాయల కలయిక. ఏ కాలంలో ఏ పాయ పైకి వచ్చిందన్నది నాయకుల మీదే కాదు, ఆ మాట మోసే పత్రిక, రేడియో, టీవీ, ఫోను మీద కూడా ఆధారపడింది. ఆ క్రమం తెలిస్తే రేపు వచ్చే క్లిప్పును విని కంగారుపడం, మురిసిపోం. ఎవరు, ఏ పాయ నుంచి మాట్లాడుతున్నారో పోల్చుకోగలుగుతాం.

దేన్ని కాపాడాలని?

సంప్రదాయవాది అంటే ఉన్నదాన్ని కాపాడాలనుకునేవాడు. అమెరికా 1776లో రాజును కాదని పుట్టిన దేశం. అక్కడ కాపాడుకోవలసిన పాతదేమిటంటే, 1787లో రాసుకున్న రాజ్యాంగం, ప్రభుత్వానికి అది వేసిన పగ్గాలు. అందుకే అక్కడి సంప్రదాయవాదికి ప్రభుత్వం మీద అనుమానం మొదటి గుణం. వాషింగ్టన్ చేతిలో అధికారం పెరిగినకొద్దీ పౌరుడి స్వేచ్ఛ తరుగుతుందని, పన్నులు తక్కువగా ఉండాలని, రాష్ట్రాల పని రాష్ట్రాలకు వదిలేయాలని ఆయన వాదిస్తాడు. ఇది మొదటి పాయ.

రెండోది కుటుంబం, చర్చి, ఊరు అనే మూడింటి చుట్టూ అల్లుకున్నది. తరాలుగా నిలిచిన ఆచారంలో ఒక మనిషి బుద్ధికి అందని వివేకం ఉంటుందని, సమాజాన్ని రాత్రికి రాత్రి మార్చబోతే రక్తం చిందుతుందని ఈ పాయ నమ్మకం. దీని మూలపురుషుడు ఫ్రెంచి విప్లవాన్ని విమర్శిస్తూ 1790లో పుస్తకం రాసిన ఎడ్మండ్ బర్క్. ఆయన ఆలోచన బ్రిటన్‌లో, అమెరికాలో ఎలా పారుతూ వచ్చిందో 1953లో రసెల్ కిర్క్ ‘ది కన్సర్వేటివ్ మైండ్’ అనే పుస్తకంలో చూపించారు. మూడో పాయ కమ్యూనిజం మీద వ్యతిరేకత. దానికోసం బలమైన సైన్యం ఉండాలన్నది దాని వాదం.

మనకు తికమక వచ్చేది ఇక్కడే. మన దేశంలో కుడిపక్షం అనగానే మతం, జాతీయత గుర్తొస్తాయి. ప్రభుత్వ ఖర్చు తగ్గించడం గుర్తుకు రాదు. రేషన్ బియ్యాన్నీ పింఛన్లనూ రద్దు చేస్తామని ఏ పెద్ద పార్టీ ఓట్లడగదు. అమెరికా సంప్రదాయవాదుల ఆర్థిక కోణానికి మన చరిత్రలో దగ్గరి చుట్టం స్వతంత్ర పార్టీ. 1959 జనవరిలో నాగపూర్ సమావేశంలో ఉమ్మడి సహకార వ్యవసాయం వైపు కాంగ్రెస్ తీర్మానం చేసినప్పుడు, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని రాజాజీ, ఆచార్య ఎన్.జి. రంగా ఎదురు తిరిగారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలుకు చెందిన రంగా ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు. లైసెన్సు, పర్మిట్ల పాలన పోవాలన్న ఆ పార్టీ 1967లో లోక్‌సభలో 44 స్థానాలు గెలిచింది, 1974 నాటికి వేరే పార్టీలో కలిసిపోయింది. ఆ తరహా వాదం మన దగ్గర అక్కడితో సన్నగిల్లింది. అమెరికాలో ఆ వాదమే సరిగ్గా ఆ కాలంలో బలం పుంజుకుని శ్వేతసౌధం దాకా వెళ్లింది. దాన్ని అంతదూరం మోసినవి పత్రికలు.

ఒక పత్రిక, ఒక సంపాదకుడు

1950ల్లో అమెరికా సంప్రదాయవాదులకు సొంత ఇల్లు లేదు. అప్పటి అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ రిపబ్లికనే అయినా రూజ్‌వెల్ట్ నాటి సంక్షేమ చట్టాల జోలికి పోలేదు. విశ్వవిద్యాలయాల్లో, పెద్ద పత్రికల్లో ఉదారవాదులదే పైచేయి. ఆ పరిస్థితిలో 1955 నవంబరులో, ముప్పై ఏళ్లు నిండబోతున్న విలియం ఎఫ్. బక్లీ ‘నేషనల్ రివ్యూ’ పత్రిక మొదలుపెట్టారు. చమురు వ్యాపారం చేసిన కుటుంబంలో పుట్టి యేల్‌లో చదివిన బక్లీ, తాను చదివిన ఆ విశ్వవిద్యాలయాన్నే తూర్పారబడుతూ 1951లో పుస్తకం రాసి అప్పటికే పేరు తెచ్చుకున్నారు.

ఆయన చేసిన పెద్ద పని, ఒకరితో ఒకరికి పడని మూడు పాయలనూ ఒకే అట్టల మధ్యకు తేవడం. మార్కెట్టును నమ్మేవాడికి మతం గొడవ పట్టదు. మతాన్ని నమ్మేవాడికి మార్కెట్టు తెచ్చే మార్పులంటే భయం. స్వేచ్ఛ లేనిచోట ధర్మానికి విలువ లేదని, ధర్మం లేని స్వేచ్ఛ నిలవదని వాదించి ఈ ఇద్దరికీ పొత్తు కుదిర్చినవాడు ఆ పత్రిక సంపాదకవర్గంలోని ఫ్రాంక్ మేయర్. ఆయన ఒకప్పుడు కమ్యూనిస్టు. అందరికీ ఉమ్మడి శత్రువుగా సోవియట్ యూనియన్ ఉండటం వల్ల ఆ పొత్తు నిలిచింది.

బక్లీ చేసిన రెండో పని అంతకంటే కష్టమైనది. 1958లో రాబర్ట్ వెల్చ్ స్థాపించిన జాన్ బర్చ్ సొసైటీకి సంప్రదాయవాదుల్లో గట్టి పలుకుబడి ఉండేది. ఐసెన్‌హోవర్ సైతం కమ్యూనిస్టుల ఏజెంటేనన్నది వెల్చ్ వాదన. ఆ సొసైటీ సభ్యుల్లో బక్లీ పత్రికకు చందా కట్టేవాళ్లున్నారు, విరాళాలిచ్చేవాళ్లున్నారు. అయినా 1962లో ఆయన వెల్చ్‌ను తప్పుపడుతూ సుదీర్ఘంగా రాశారు. 1965లో ఆ సొసైటీనే కాదన్నారు. చందాదారులు కోపంతో ఉత్తరాలు రాశారు, కొందరు పత్రిక మానేశారు. ఆధారం లేని కుట్ర కథలను మన గుమ్మంలోకి రానిస్తే మనం చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరన్నది ఆయన లెక్క.

అదే సంపాదకుడు ఘోరంగా తప్పటడుగు వేసిన సందర్భమూ ఉంది. 1957లో దక్షిణాది రాష్ట్రాల్లో తెల్లవాళ్ల ఆధిపత్యాన్ని సమర్థిస్తూ ఆ పత్రిక సంపాదకీయం రాసింది. రాష్ట్రాల హక్కుల పేరుతో నల్లజాతివారి పౌరహక్కుల చట్టాలను వ్యతిరేకించింది. 1965 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో రచయిత జేమ్స్ బాల్డ్విన్‌తో జరిగిన వాదంలో బాల్డ్విన్‌కు 544 ఓట్లు రాగా బక్లీ 164 ఓట్లతో ఓడిపోయారు. కేంద్రం జోక్యం లేకుండా దక్షిణాది దానంతటదే మారుతుందనుకోవడం తన పొరపాటని ఆయన 2004లో ఒప్పుకున్నారు. అప్పటికి దాదాపు అర్ధశతాబ్దం గడిచింది. ప్రభుత్వ అధికారం మీద అనుమానం మంచిదే. కానీ బలహీనుణ్ని కాపాడవలసిన చోట కూడా ఆ అనుమానాన్నే పట్టుకుని కూర్చుంటే అన్యాయానికి అండ అవుతుంది. ఈ పక్షం చరిత్రలో ఈ మరక చిన్నది కాదు.

మాట నుంచి చట్టం దాకా

వ్యాఖ్యానం అంటే ఊసుపోక మాట్లాడే మాటలన్న అపోహ ఉంటే వదులుకోవాలి. 1960లో సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ పేరుతో వచ్చిన ‘ది కన్‌సైన్స్ ఆఫ్ ఎ కన్సర్వేటివ్’ పుస్తకాన్ని నిజానికి రాసింది బక్లీ బావమరిది, నేషనల్ రివ్యూ సంపాదకవర్గంలోని బ్రెంట్ బోజెల్. 1964 అధ్యక్ష ఎన్నికల్లో గోల్డ్‌వాటర్ ఆరు రాష్ట్రాలు మాత్రమే గెలిచి చిత్తుగా ఓడారు. కానీ ఆ ప్రచారంలో అక్టోబరు 27న టీవీలో ప్రసంగించిన ఒక సినిమా నటుడికి దేశమంతా పేరొచ్చింది. ఆయన రోనాల్డ్ రీగన్, నేషనల్ రివ్యూ నమ్మకమైన పాఠకుడు. రెండేళ్లకు కాలిఫోర్నియా గవర్నరయ్యారు. 1980లో 44 రాష్ట్రాలు గెలిచి అధ్యక్షుడయ్యారు.

మధ్యలో సంస్థలు లేచాయి. 1973లో హెరిటేజ్ ఫౌండేషన్ వచ్చింది. ఎన్నికల్లో గెలిచిన రోజు నుంచే ఏ శాఖలో ఏం చేయాలో రీగన్ ప్రభుత్వానికి వందల పేజీల పత్రం సిద్ధం చేసి ఇచ్చింది. 2023లో అదే సంస్థ అదే తరహాలో తెచ్చినది ‘ప్రాజెక్ట్ 2025’. న్యాయ విద్యార్థులు 1982లో మొదలుపెట్టిన ఫెడరలిస్ట్ సొసైటీ, రాజ్యాంగాన్ని రాసిననాటి అర్థంలోనే చదవాలనే న్యాయమూర్తులను తయారుచేయడం పనిగా పెట్టుకుంది. గర్భస్రావ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న సుప్రీంకోర్టు కొట్టేసిందంటే, దాని వెనక నలభై ఏళ్ల వ్యాసాలు, చర్చలు, సదస్సులు, నియామకాలు ఉన్నాయి. ఆ తీర్పును సంతోషంగా చూసినవాళ్లూ బాధగా చూసినవాళ్లూ ఈ ఓపికను మాత్రం గమనించి తీరాలి.

రేడియో తెచ్చిన మార్పు

1949 నుంచి అమెరికాలో రేడియో, టీవీ కేంద్రాలకు ఒక నియమం ఉండేది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి కాబట్టి, లైసెన్సు పొందిన కేంద్రం వివాదాస్పద విషయాలను చర్చకు పెట్టాలి, ఎదుటి అభిప్రాయానికీ చోటివ్వాలి. దాన్ని ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్ అనేవారు. ప్రభుత్వం మాటల మీద కాపలా కాయడం వాక్‌స్వేచ్ఛకు విరుద్ధమన్న వాదంతో 1987 ఆగస్టులో సమాచార ప్రసార కమిషన్ దాన్ని ఎత్తేసింది. అంతకు కొద్దివారాల ముందే, దాన్ని చట్టంగా మార్చబోయిన కాంగ్రెస్ బిల్లును రీగన్ వీటో చేశారు.

అప్పటికే పాటలు వినేవాళ్లంతా ఎఫ్ఎంకు వెళ్లిపోయారు. ఏఎం కేంద్రాలు వెలవెలబోతున్నాయి. తక్కువ ఖర్చుతో గంటలకొద్దీ నడిచే కార్యక్రమం వాటికి కావాలి. ఆ ఖాళీలోకి 1988 ఆగస్టులో మిస్సోరి రాష్ట్రానికి చెందిన రష్ లింబా వచ్చారు. రోజూ మధ్యాహ్నం మూడు గంటలు, ఎక్కువగా ఆయనొక్కరే. హాస్యం, అనుకరణ, ఎగతాళి, మధ్యలో శ్రోతల ఫోన్లు. లారీ నడిపేవాళ్లు, సేల్స్‌మన్లు, చిన్న కొట్ల యజమానులు వినేవారు. పెద్ద పత్రికలు తమను పట్టించుకోవని, పైగా చిన్నచూపు చూస్తాయని నమ్మిన జనానికి తమ మనసులో మాట మొదటిసారి పైకి వినబడింది. ఆ కార్యక్రమం 600కి పైగా కేంద్రాలకు పాకింది. 1994లో నలభై ఏళ్ల తర్వాత రిపబ్లికన్లు ప్రతినిధుల సభను గెలిచినప్పుడు, కొత్తగా ఎన్నికైన సభ్యులు లింబాను తమ బృందంలో గౌరవ సభ్యుణ్ని చేసుకున్నారు.

బక్లీ 1966 నుంచి 1999 దాకా నడిపిన ‘ఫైరింగ్ లైన్’ టీవీ కార్యక్రమంలో ప్రత్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వాదించేవారు. లింబా కార్యక్రమంలో ప్రత్యర్థి లేడు, ప్రత్యర్థి ప్రస్తావన మాత్రమే ఉంది. ఎదుటివాడి మాటను ఎదుటివాడి నోటితో వినడం, మనవాడి నోటితో వినడం ఒకటి కావు. శ్రోతలు పెరిగారు, ఆదాయం పెరిగింది. వాదనకు పదును పెట్టే అలవాటు తగ్గింది.

వార్త ఏది, వ్యాఖ్య ఏది

1996 అక్టోబరు 7న రూపర్ట్ మర్డాక్ డబ్బుతో, రోజర్ ఐల్స్ పర్యవేక్షణలో ఫాక్స్ న్యూస్ మొదలైంది. ఫెయిర్‌నెస్ నియమం పోవడం వల్లే ఫాక్స్ పుట్టిందని చాలామంది అంటారు. అది సరికాదు. ఆ నియమం ప్రసార తరంగాలు వాడే కేంద్రాలకే వర్తించేది, ఫాక్స్ న్యూస్ కేబుల్ ఛానల్. దాన్ని నడిపింది చట్టంలోని ఖాళీ కాదు, ప్రేక్షకుల్లోని ఆకలి.

ఇక్కడ మనవాళ్లు తప్పక తెలుసుకోవలసిన తేడా ఒకటుంది. ఫాక్స్‌లో పగలు వార్తలు, రాత్రి వ్యాఖ్యాతల కార్యక్రమాలు. హానిటీ లాంటివారు విలేకరులు కారు, అభిప్రాయం చెప్పేవారు. మర్డాక్ కుటుంబానిదే అయిన వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో వార్తా విభాగం వేరు, సంపాదకీయ విభాగం వేరు, రెండింటి అధిపతులూ వేరు. ఆ సంపాదకీయ పుట దశాబ్దాలుగా మార్కెట్టు పక్షం. అదే పత్రిక విలేకరులు రిపబ్లికన్ నాయకులను ఇబ్బంది పెట్టే పరిశోధనలు ఎన్నో రాశారు. ‘వాల్‌స్ట్రీట్ జర్నల్ ఇలా అంది’ అని మన ఛానల్లో స్క్రోలింగ్ వచ్చినప్పుడు, అది విలేకరి రాసిందా, సంపాదకీయమా, బయటివారి వ్యాసమా అన్నది అడగకుండా నమ్మకూడదు.

వార్తకూ వ్యాఖ్యకూ మధ్య గోడ కూలితే ఏమవుతుందో 2020 ఎన్నికల తర్వాత కనబడింది. ఓట్ల యంత్రాలు తయారుచేసే డొమినియన్ సంస్థ ట్రంప్ ఓట్లు దొంగిలించిందన్న ఆరోపణలు ఫాక్స్ తెర మీద పదే పదే వినిపించాయి. ఆ సంస్థ పరువునష్టం దావా వేసింది. ఆ కథలను తాము నమ్మడం లేదని ఫాక్స్ ప్రముఖులే తమలో తాము రాసుకున్న సందేశాలు కోర్టులో బయటపడ్డాయి. డొమినియన్ మీద చేసిన ఆ ఆరోపణల్లో ఒక్కటీ నిజం కాదని డెలావేర్ న్యాయమూర్తి విచారణకు ముందే తేల్చారు. 2023 ఏప్రిల్ 18న ఫాక్స్ 78.75 కోట్ల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. నిజం చెబితే ప్రేక్షకులు ఇంకో ఛానల్‌కు పోతారన్న భయం ఆ సందేశాల నిండా ఉంది. 1962లో చందాదారులు పోతారని తెలిసీ బక్లీ రాశారు. 2020లో ప్రేక్షకులు పోతారని వీళ్లు నిజం దాచారు. ఈ రెండు సంవత్సరాల మధ్య ఏం పోయిందో అర్థమైతే ఈ చరిత్రలో సగం అర్థమైనట్టే.

2016 తర్వాత తిరగబడ్డ లెక్కలు

2016 జనవరిలో నేషనల్ రివ్యూ ట్రంప్‌కు వ్యతిరేకంగా ఒక సంచికే తెచ్చింది. అంతకుముందు ఆ పత్రిక మాటకు అభ్యర్థులు వణికేవారు. ఈసారి ఓటర్లు పట్టించుకోలేదు. 1970ల నుంచి కాలమ్ రాస్తున్న జార్జ్ విల్ ఆ ఏడాదే రిపబ్లికన్ పార్టీని వదిలేశారు. ఇరాక్ యుద్ధాన్ని సమర్థించిన ‘వీక్లీ స్టాండర్డ్’ 2018 డిసెంబరులో మూతపడింది.

దీనికి ఓటర్ల అజ్ఞానాన్ని కారణంగా చెప్పడం తేలిక. కానీ అది అన్యాయం. పాత వ్యాఖ్యాతలు చెప్పిన మూడు మాటలు ఆ జనం బతుకుల్లో నిజం కాలేదు. స్వేచ్ఛా వాణిజ్యం అందరికీ మేలన్నారు. 2001లో చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరాక ఒహైయో, మిషిగన్ లాంటి రాష్ట్రాల్లో ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. 2003లో ఇరాక్ యుద్ధం అవసరమన్నారు. ఉన్నాయన్న ఆయుధాలు దొరకలేదు, ఆ చిన్న ఊళ్ల కుర్రాళ్లే శవపేటికల్లో తిరిగొచ్చారు. వలసలు దేశానికి బలమన్నారు. 1986లో రీగన్ సంతకం చేసిన చట్టంతో దాదాపు 27 లక్షల మంది పత్రాలు లేనివారికి చట్టబద్ధత వచ్చింది, ఇక అక్రమ వలస ఆగుతుందన్నారు, ఆగలేదు. ఒహైయోలోని మిడిల్‌టౌన్‌లో పెరిగిన జె.డి. వాన్స్ 2016లో రాసిన ఆత్మకథ ఆ కుంగిన ఊళ్ల గురించే. ఆంధ్ర మూలాలున్న చిలుకూరి ఉషను పెళ్లాడిన వాన్స్ అప్పట్లో ట్రంప్ విమర్శకుడు. ఇప్పుడు ఆయన ఉపాధ్యక్షుడు. ఈ పక్షం ఎంత మారిందో ఆ ఒక్క జీవితమే చెబుతుంది.

అలా నాలుగో పాయ పైకి వచ్చింది. దేశం ముందు, మార్కెట్టు తర్వాత అనే పాయ ఇది. పూర్తిగా కొత్తదేమీ కాదు. వ్యాఖ్యాత పాట్ బుకానన్ 1992 ఎన్నికల నాటికే ఈ మాటలు అన్నారు, 2002లో ‘ది అమెరికన్ కన్సర్వేటివ్’ పత్రిక స్థాపించి ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన వారిలో ఒకరయ్యారు. 2025లో ట్రంప్ దిగుమతి సుంకాలు పెంచినప్పుడు వాల్‌స్ట్రీట్ జర్నల్ సంపాదకీయాలు గట్టిగా తిట్టాయి, బానన్ వర్గం హర్షించింది. ఆ ఏడాది ఆగస్టులో మన సరుకు మీద సుంకం 50 శాతానికి చేరినప్పుడు భీమవరం చుట్టుపక్కల రొయ్యల రైతుకు తగిలిన దెబ్బ వెనక ఈ రెండు పాయల గెలుపోటములున్నాయి. అదే ఏడాది జూన్‌లో ఇరాన్ అణు కేంద్రాల మీద దాడి చేయాలా వద్దా అన్న విషయంలో వ్యాఖ్యాతలు మార్క్ లెవిన్ ఒకవైపు, టకర్ కార్ల్‌సన్ మరోవైపు చీలిపోయారు.

హెచ్-1బి: మూడు గొంతులు

ఇప్పుడు వీసా దగ్గరికి వద్దాం. 1990 చట్టం కింద వచ్చిన హెచ్-1బి ఏటా 65,000 మందికి, అమెరికాలో మాస్టర్స్ చేసినవారిలో మరో 20,000 మందికి ఇస్తారు. అందులో అత్యధికం భారతీయులవే. ఉద్యోగ గ్రీన్‌కార్డుల్లో మాత్రం మామూలుగా ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వరు. అందుకే మనవాళ్ల నిరీక్షణ దశాబ్దాలకు సాగుతోంది.

దీని మీద సంప్రదాయవాదుల్లో మూడు గొంతులు వినబడతాయి. మార్కెట్టు పాయ ప్రతిభ ఎక్కడున్నా తెచ్చుకోమంటుంది. మస్క్, రామస్వామి అన్నది ఇదే. జాతీయ ఆర్థిక పాయ, కంపెనీలు చవక జీతాలకోసం ఈ దారి వాడుకుంటున్నాయంటుంది. 2015లో ఫ్లోరిడాలో డిస్నీ ఐటీ ఉద్యోగులు తమ స్థానంలోకి వచ్చినవారికి తామే పని నేర్పి వెళ్లిపోయిన ఉదంతాన్ని ఈ పాయ ఉదాహరణగా చూపిస్తుంది. ఈ వాదానికి జీతాల లెక్కలతో జవాబు చెప్పవచ్చు, కొంత ఒప్పుకోవచ్చు కూడా. నకిలీ కన్సల్టెన్సీలు, ఒకే మనిషికి నాలుగు దరఖాస్తులు పెట్టి లాటరీని మోసం చేసిన ఏజెన్సీల వల్ల నష్టపోయినవాళ్లలో నిజాయితీగా చదువుకున్న తెలుగు పిల్లలూ ఉన్నారు. ఆ గొంతును శత్రువుగా చూడనవసరం లేదు.

మూడో గొంతు వేరు. ఎంత బాగా పనిచేసినా, ఎన్ని పన్నులు కట్టినా, పుట్టుకను బట్టే అమెరికన్ అవుతాడో లేదో తేలుతుందంటుంది. 2024 మేలో వ్యాఖ్యాత యాన్ కౌల్టర్, వివేక్ రామస్వామి పాడ్‌కాస్ట్‌లోనే కూర్చుని, మీరు భారతీయులు కాబట్టి మీకు ఓటు వేసేదాన్ని కాదని ఆయన ముఖం మీదే చెప్పారు. దీనికి లెక్కలతో జవాబుండదు, ఎందుకంటే ఇది లెక్కల మాట కాదు. 1989 జనవరి 19న, పదవి దిగిపోయే ముందురోజు, రీగన్ చేసిన ప్రసంగం సారాంశం ఇదీ: ఏ మూల నుంచి వచ్చినవాడైనా అమెరికన్ కాగలగడమే ఈ దేశపు బలం. సంప్రదాయవాదుల ఆరాధ్యుడే అన్న ఆ మాటకు ఈ మూడో గొంతు పూర్తిగా ఎదురు.

ట్రంప్ 2024 డిసెంబరులో ఆ వీసాను మెచ్చుకున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము, అంటే అప్పటి లెక్కలో దాదాపు 88 లక్షల రూపాయలు, విధించారు. ఒకే అధ్యక్షుడి చెవికి ఒకసారి ఒక పాయ, ఇంకోసారి ఇంకో పాయ చేరింది.

కాపలా లేని గుమ్మం

ఇవాళ పాడ్‌కాస్ట్ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేదు, సంపాదకుడు అక్కర్లేదు. దీనివల్ల మేలు లేకపోలేదు. 2012లో పద్దెనిమిదేళ్ల వయసులో చార్లీ కర్క్ మొదలుపెట్టిన టర్నింగ్ పాయింట్ సంస్థ కాలేజీ మైదానాల్లో బల్లలు వేసి, ఒప్పుకోనివాళ్లను వచ్చి వాదించమని పిలిచింది. 2025 సెప్టెంబరు 10న యూటా వ్యాలీ విశ్వవిద్యాలయంలో అలాంటి సభలోనే ఆయన్ను కాల్చి చంపారు. భారతీయులకు ఇంకా వీసాలివ్వడం అనవసరమని ఆయన కొద్దిరోజుల ముందే రాశారు. ఆ మాటకు మనం గట్టిగా జవాబు చెప్పాలి. తుపాకితో జవాబు చెప్పినవాడు మనందరికీ శత్రువు.

కీడు కూడా ఎదురుగానే ఉంది. 2024 జులైలో వాన్స్ ఉపాధ్యక్ష అభ్యర్థి కాగానే, శ్వేతజాతి ఆధిక్యవాది నిక్ ఫ్యూయెంటెస్ ఉష పుట్టుకను, మతాన్ని పట్టుకుని దాడి చేశాడు. 2025 అక్టోబరులో టకర్ కార్ల్‌సన్ అతణ్ని తన కార్యక్రమానికి పిలిచి సాదరంగా మాట్లాడారు. కార్ల్‌సన్‌ను వదులుకోబోమని హెరిటేజ్ ఫౌండేషన్ అధ్యక్షుడు కెవిన్ రాబర్ట్స్ వీడియో పెట్టారు. లోపలి నుంచే తిరుగుబాటు రావడంతో సిబ్బందికి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. వ్యాఖ్యాత బెన్ షపీరో బహిరంగంగా ఖండించారు, నేషనల్ రివ్యూ ఖండించింది. కానీ 1962లో బక్లీ కాదంటే వెల్చ్‌కు వేరే పెద్ద వేదిక లేకపోయింది. ఇవాళ వందమంది కాదన్నా ఆ మనిషి ఫోనులో ఉంటాడు. గుమ్మం దగ్గర ఎవరూ లేరు కాబట్టి ఆ కాపలా పని వినేవాడి మీద పడింది.

ఎలా వినాలి

కాబట్టి క్లిప్పు వచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఏ పాయ మాట: మార్కెట్టా, మతమా, దేశమా, లేక జాతా? ఇది వార్తా, వ్యాఖ్యా? ముందూ వెనకా కోసేశారా? ఈ మనిషి తన పక్షం తప్పు చేసినప్పుడు ఎప్పుడైనా గట్టిగా అన్నాడా?

నాలుగో ప్రశ్నే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది. నల్లజాతిలో పుట్టి, హార్లెమ్‌లో పెరిగి, యౌవనంలో మార్క్సిస్టుగా ఉండి, ఆధారాలు చూసి అభిప్రాయం మార్చుకున్న ఆర్థికవేత్త థామస్ సోవెల్‌ను చదవండి. తన పార్టీని విడిచిన జార్జ్ విల్‌ను చదవండి. ఒకే సుంకం మీద వాల్‌స్ట్రీట్ జర్నల్ సంపాదకీయాన్ని, అమెరికన్ కన్సర్వేటివ్ వ్యాసాన్ని పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒప్పుకోవడానికి కాదు, ఎదుటి వాదం అత్యంత బలమైన రూపంలో ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి. ఉదారవాదుల వ్యాఖ్యానానికీ, మన తెలుగు ఛానళ్ల చర్చలకూ ఇదే గీటురాయి వాడండి.

డాలస్‌లో, న్యూజెర్సీలో, ఫ్రీమాంట్‌లో పుట్టిన తెలుగు పిల్లలు అమెరికా పౌరులు. పద్దెనిమిదేళ్లు నిండగానే వాళ్లు ఓటర్లు. వాళ్లు ఏ పార్టీకి ఓటు వేయాలో చెప్పే హక్కు మనకు లేదు. పొదుపును, కుటుంబాన్ని, స్వశక్తిని గౌరవించే ఇళ్లలో పెరిగినవాళ్లలో కొందరు సంప్రదాయవాదం వైపు మొగ్గితే అది సహజమే. వాళ్లకు మనం నేర్పగలిగిన మేలు ఒక్కటే. తమ రక్తాన్ని బట్టి తమను కాదనే గొంతును, తమ ఆలోచనను వాదనతో కాదనే గొంతును వేరుచేసి వినడం. మొదటిదాన్ని నిర్భయంగా తిరస్కరించాలి, రెండోదానితో గౌరవంగా తలపడాలి. తాము చేరిన పక్షం మొదటి గొంతుకు చోటిచ్చిన రోజున లేచి నిలబడి కాదనాలి. ఆ పక్షంలో మంచిదంతా అలా కాదనగలిగినవాళ్ల వల్లే నిలిచింది.